పన్నెండు రోజుల్లో ఖాళీ చేయమంటున్నారు, పాప టెన్త్ పరీక్షలయ్యేదాకా టైమ్ ఎలా అడగాలి?

రెండో_ఫ్లోర్
హైదరాబాద్ కర్మన్‌ఘాట్‌లో నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. అద్దె 14 వేలు, అడ్వాన్స్ రెండు నెలలది 28 వేలు ఇచ్చాం. మొన్న ఆదివారం ఓనర్ పైకొచ్చి, కూర్చుని కాఫీ తాగి, వెళ్లేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ చెప్పారు, ఇల్లు అమ్మేశామమ్మా, కొన్నవాళ్లు ఖాళీగా అప్పగించమంటున్నారు, నెలాఖరుకి చూసుకోండి అని. నెలాఖరంటే పన్నెండు రోజులు. పాపకి మార్చిలో టెన్త్ పరీక్షలు. అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయ్యి నెల కూడా కాలేదు, మెట్లు ఎక్కలేరు, దిగలేరు. మా ఆయన క్యాబ్ నడుపుతారు, అక్టోబర్ చివర్లో యాక్సిడెంట్ అయ్యి నెలన్నర బండి షెడ్డులోనే ఉంది, అందుకని నవంబర్ అద్దె మొత్తం, డిసెంబర్‌ది సగం బాకీ పడ్డాం. 21 వేలు. అది మా వైపు తప్పే, దాచను. కానీ నిన్నటి నుంచి మోటార్ వేయడం లేదు. కింద సంపులోంచి బకెట్లతో రెండో అంతస్తుకి నీళ్లు మోస్తున్నాం. అగ్రిమెంట్ మొదటి ఏడాది పదకొండు నెలలకి రాసుకున్నదే, ఆ తర్వాత మేమూ అడగలేదు, వాళ్లూ అడగలేదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఇది సివిల్ మ్యాటరమ్మా అన్నారు. నాకు ఏప్రిల్ రెండో వారం దాకా టైమ్ కావాలి, అంతకు మించి ఏం వద్దు. ఎవర్ని కలవాలి, ఏమని అడగాలి?

గోంగూర_పచ్చడి
కాఫీ అంతా తాగాక చెప్పాడా? గ్లాసు చేతిలో ఉన్నప్పుడు చెప్తే మీరు లాక్కుంటారని భయం కాబోలు.

కొత్తపేట_పండు
మా ఓనర్ అయితే వాట్సాప్ స్టేటస్‌లో టు లెట్ బోర్డు ఫోటో పెట్టాడు. చూస్తే మా ఇల్లే. అదే నోటీసు.

నల్లకోటు
రోజూ ఎల్బీనగర్ కోర్టులో తిరిగేవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి. స్టేషన్‌లో చెప్పింది సగమే నిజం. ఇల్లు ఖాళీ చేయాలా వద్దా, ఎప్పటికి చేయాలి అన్నది సివిల్. నీళ్లు ఆపడం, తాళం మార్చడం, సామాన్లు రోడ్డు మీద పెట్టడం మాత్రం అలా వదిలేసే సంగతి కాదు. ఈసారి నోటితో చెప్పకుండా కాగితం మీద ఫిర్యాదు రాసి ఇవ్వండి, తీసుకున్నట్టు రసీదు అడగండి. ఎవరైనా తాళం మీద చెయ్యి వేస్తే అప్పటికప్పుడు 112కి ఫోన్ చేయండి.

ఇక మీ అద్దె 3,500 దాటింది కాబట్టి పాత రెంట్ కంట్రోల్ చట్టం, అదే 1960 నాటిది, సిటీలో మీకు వర్తించదు. ఆస్తి బదిలీ చట్టం కిందికి వస్తారు. పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోయినా ఓనర్ అద్దె తీసుకుంటూ ఉన్నారు కాబట్టి నెలనెలా కిరాయిదారు కింద లెక్క. మిమ్మల్ని తీసేయాలంటే ముందు 15 రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు రావాలి. అది 106వ సెక్షన్. గుమ్మంలో చెప్పులేసుకుంటూ చెప్పింది నోటీసు కాదు. నోటీసు వచ్చాక కూడా మీరు కదలకపోతే ఆయన సివిల్ కోర్టులో దావా వేయాలి, మీకు సమన్లు రావాలి, జవాబు దాఖలు చేయడానికి మీకు 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా, ఆ తర్వాత విచారణ, డిక్రీ అంటే కోర్టు తీర్పు, మళ్లీ దాన్ని అమలు చేయమని ఈపీ అనే అర్జీ, అప్పుడు గానీ అమీనా, అదే కోర్టు బంట్రోతు, మీ గుమ్మంలోకి రాడు. కాబట్టి ఒకటో తారీకున ఎవరో వచ్చి గెంటేస్తారన్న భయం పెట్టుకోకండి. ఒకవేళ బలవంతంగా బయటికి పంపినా, ఆరు నెలల్లోపు దావా వేసి ఇంట్లోకి తిరిగి ప్రవేశించే హక్కు చట్టంలో ఉంది.

ఇంకొకటి. అమ్మేశాం అన్నారు కదా, రిజిస్ట్రేషన్ అయిందా లేక అగ్రిమెంట్ మాత్రమేనా? కనుక్కోండి. అయిపోయి ఉన్నా మీ అద్దె ఒప్పందం దానంతటదే రద్దు కాదు. కొన్నాయన మీ కొత్త ఓనర్ అవుతాడు, అంతే.

ఓనర్‌నే_నేను
నల్లకోటు గారూ, ఇలాంటి సలహాలే మమ్మల్ని ముంచేది. మా నాన్నగారి రిటైర్మెంట్ డబ్బుతో కట్టిన ఇల్లు, కింద పోర్షన్ అద్దెకిస్తే మూడేళ్లు కోర్టు చుట్టూ తిరిగాం. చివరికి ఖాళీ చేసి వెళ్లేటప్పుడు ఫ్యాన్లు కూడా విప్పుకుపోయాడు. చట్టం చదువుకున్న కిరాయిదారు అంటే మాకు పులి కంటే భయం. ఈ అమ్మాయిది నిజమైన కష్టంలాగే ఉంది, కాదనను. కానీ ఒకటిన్నర నెల అద్దె బాకీ పెట్టుకుని నన్ను తీయలేరు అంటే అవతలివాడికి ఒళ్లు మండదా?

గోంగూర_పచ్చడి
ఫ్యాన్లు సరే, స్విచ్ బోర్డులు ఉంచాడా?

ఓనర్‌నే_నేను
బోర్డులు ఉంచాడు. తలుపు మీద పిల్లలు అంటించిన స్టిక్కర్లు కూడా ఉంచాడు.

రెండో_ఫ్లోర్
ఓనర్‌నే గారూ, తీయలేరు అని నేనెప్పుడూ అనలేదండి. గడువు కావాలంటున్నాను. నాలుగేళ్లలో ఇది తప్ప ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. అడగడానికి నోరు రాక ఇక్కడ రాశాను.

నల్లకోటు
ఓనర్‌నే గారి బాధ అబద్ధం కాదు. అందుకే చెప్తున్నా, నేను పైన రాసిందంతా మీ ధైర్యానికి, ఆయన్ని బెదిరించడానికి కాదు. కోర్టులో చూసుకుందాం అన్న మాట ముందు మీ నోట్లోంచి రాకూడదు. వచ్చిందంటే ఆయన వెంటనే వకీలు దగ్గరికి వెళ్తాడు, ఏప్రిల్ దాకా ఇచ్చేవాడు కూడా ఇవ్వడు. నోటీసు గడువు దాటాక ఉన్న ప్రతి నెలకీ అద్దె కాకుండా నష్టపరిహారం అడిగే హక్కు ఆయనకి ఉంటుంది. దావా నడిచినన్నాళ్లూ అద్దె కడుతూనే ఉండాలి, కట్టకపోతే మీ వాదనే కొట్టేయొచ్చు. అన్నట్టు, నోటీసులో రెండు రోజులు తగ్గాయి కాబట్టి చెల్లదు అని వాదించే రోజులు కూడా పోయాయి, 2002 సవరణతో.

మలక్‌పేట_మాస్
ఇంత పంచాయితీ ఎందుకు? అద్దె కట్టడం ఆపేయండి. 28 వేలు వాళ్ల దగ్గరే ఉన్నాయిగా, అందులో తెగేదాకా ఉండి వెళ్లిపోండి. సిటీలో అందరూ చేసేది అదే. అడ్వాన్స్ ఎవడు తిరిగి ఇచ్చాడు?

కూకట్‌పల్లి_అక్క
ఆ లెక్క వేసి చూడు తమ్ముడూ. 28లో పాత బాకీ 21 పోతే మిగిలేది 7 వేలు. అంటే సగం నెల. ఆమెకి కావాల్సింది రెండున్నర నెలలు.

మలక్‌పేట_మాస్
అవును కదా. లెక్కల్లో మొదట్నుంచీ వీకే.

కూకట్‌పల్లి_అక్క
సరితా, లలితా, నీ పేరేదైనా గానీ, నా సంగతి చెప్తాను విను. మూడేళ్ల కింద మా వారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా ఓనర్ కొడుకు పెళ్లని ఖాళీ చేయమన్నారు. నేను ఏడ్చాను, ఆవిడా ఏడ్చింది, పని మాత్రం కాలేదు. ఏడుపుతో రెండు రోజులు దొరుకుతాయి, మూడో రోజు మళ్లీ ఫోన్. అప్పుడు మా అన్నయ్య ఒక ఉత్తరం రాయించాడు. దాంతో అయింది. కారణం ఏంటంటే అందులో తారీకు ఉంది, డబ్బు లెక్క ఉంది. కొంచెం టైమ్ ఇవ్వండి అంటే ఎవరికైనా అది ఎప్పటికీ తేలని కొంచెంలా వినపడుతుంది. నీకు సరిపోయేలా మార్చి పెడుతున్నా:

"గౌరవనీయులైన ఫలానా గారికి. మీ ఇంటి రెండో అంతస్తులో నాలుగేళ్లుగా ఉంటున్నాం. ఇల్లు అమ్ముతున్నట్టు మొన్న ఆదివారం చెప్పారు. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు, మా అత్తగారి ఆపరేషన్ దృష్ట్యా ఏప్రిల్ 12 వరకు గడువు ఇవ్వమని కోరుతున్నాం. బాకీ 21,000లో 10,000 ఈ రోజే పంపాం, మిగతా 11,000 ఫిబ్రవరి 15లోపు ఇస్తాం. ఇకమీదట అద్దె ప్రతి నెలా 5వ తారీకులోపు కడతాం. కొన్నవారు ఇల్లు చూసుకోవాలంటే ముందు రోజు ఫోన్ చేస్తే ఏ సమయంలోనైనా చూపిస్తాం. ఏప్రిల్ 12న తాళాలు ఇస్తాం, అడ్వాన్స్ 28,000 అప్పుడు ఇప్పించగలరు. అప్పటిదాకా నీళ్లు, కరెంటు ఎప్పటిలాగే ఉండేలా చూడగలరు."

రెండు కాపీలు తీసి, ఒకదాని మీద సంతకం పెట్టించుకో. పెట్టనంటే స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేయించి పంపి, ఫోటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టు. డబ్బు మాత్రం చేతికి ఇవ్వొద్దు, ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేసి "నవంబర్ అద్దె" అని రాయి.

నల్లకోటు
ఉత్తరం బాగుంది. ఒక్కచోట జాగ్రత్త. ఏప్రిల్ 12న తాళాలు ఇస్తాం అని రాస్తే అది మీరు ఒప్పుకున్నట్టే. ఆ రోజు వెళ్లకపోతే రేపు కోర్టులో మొదట చూపించేది ఆ కాగితమే. గడువు 20 అని అడగండి, 12కి వెళ్లిపోండి.

ఓనర్‌నే_నేను
నాకు అలాంటి ఉత్తరం ఎవరైనా ఇచ్చి ఉంటే నేను కోర్టుకే వెళ్లేవాణ్ణి కాదు. నల్లకోటు గారు వద్దంటున్న ఆ వాక్యమే అందులో విలువైంది. అది తీసేస్తే మిగిలేది బతిమాలడమే.

నల్లకోటు
తీసేయమనలేదండీ, తారీకు చూసి వేసుకోమన్నాను.

పంచాంగం_పద్మ
మాకు ఒకసారి జూన్ చివర్లో ఖాళీ చేయమన్నారు. మా అత్తగారు ఆషాఢంలో ఇల్లు మారేది లేదు, పాలు పొంగించేది లేదు అని కూర్చున్నారు. ఓనర్ గారు ఏదో అనబోతే లోపల్నుంచి ఆయన భార్యే, అవునండీ, వాళ్లనేం పంపిస్తారు, మనకే మంచిది కాదు అంది. శ్రావణం దాకా ఉన్నాం. కోర్టు కూడా అంత తొందరగా స్టే ఇవ్వదు.

గోంగూర_పచ్చడి
జనవరిలో ఆషాఢం ఎక్కడ తెస్తారు మరి. మూఢం ఏమైనా ఉందేమో వెతకండి.

డాలస్_బాబాయి
ఇక్కడ టెక్సస్‌లో అద్దె కట్టకపోతే మామూలుగా మూడు రోజుల నోటీసు, తర్వాత చిన్న కోర్టులో కేసు, తీర్పు వచ్చాక అప్పీలుకి ఐదు రోజులు, అంతే, కానిస్టేబుల్ వస్తాడు. ఉద్యోగం పోయిన మన పిల్లలు కొందరికి ఇది తెలియక నోటీసుని పక్కన పడేసి, కోర్టు రోజున వెళ్లక, వాళ్లు లేకుండానే తీర్పు వచ్చి ఇబ్బంది పడ్డారు. 211కి ఫోన్ చేస్తే అద్దె సాయం చేసే సంస్థల వివరాలు చెప్తారు, ఆ సంగతీ చాలామందికి తెలీదు. ఇక నేనూ ఓనర్నే, మియాపూర్‌లో ఫ్లాట్ ఉంది. అమ్మాల్సి వచ్చినప్పుడు కిరాయికున్నాయనకి ఒక నెల అద్దె వదిలేసి, బండి ఖర్చు కూడా నేనే ఇచ్చాను, ఇరవై రోజుల్లో వెళ్లిపోయాడు. అమ్మా, నువ్వు కూడా అడుగు. తొందర వాళ్లదైనప్పుడు ఖర్చులో కొంత వాళ్లు భరించాలి.

రెండో_ఫ్లోర్
బాకీ ఉన్నదాన్ని, బండి ఖర్చు ఎలా అడుగుతాను బాబాయిగారూ.

డాలస్_బాబాయి
బాకీ కట్టేశాక అడుగు.

బెజవాడ_బుల్లోడు
నా కేసు ఇంకో రకం. ఓనర్ ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు అప్పు తీసుకున్నాడు, కట్టలేదు. మాకేం తెలుసు? ఒక రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి గేటుకి నోటీసు అంటించి ఉంది, పేపర్లో కూడా వేశారట, ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. ఓనర్ ఫోన్ స్విచాఫ్. బాకీ కట్టకపోతే బ్యాంకు తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం అంటే ఏంటో ఆ రోజే నేర్చుకున్నా. కిరాయిదారు కూడా డీఆర్‌టీకి, అదే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి, వెళ్లొచ్చు, 2016 సవరణలో ఆ వెసులుబాటు ఇచ్చారు, కానీ 45 రోజుల్లో వెళ్లాలి. పైగా తాకట్టుకి ముందే మనకి లీజు ఉందని చూపించాలి. మాది రిజిస్టర్ చేయని పదకొండు నెలల కాగితం, వకీలు చూసి నిట్టూర్చాడు. చివరికి బ్యాంకు అధికారికి అర్జీ పెట్టుకున్నా, చంటిపిల్ల ఉంది, నలభై ఐదు రోజులు ఇవ్వండి, ఫలానా తారీకుకి తాళాలు మీకే ఇస్తాను అని. ఇచ్చారు. వాళ్లకి కూడా పోలీసుల్ని, వీడియో వాణ్ణి వెంటేసుకుని తాళం పగలగొట్టే కంటే అదే సుఖం. అడ్వాన్స్ మాత్రం గోవిందా. మీరూ చూసుకోండి, అమ్మకం అంటున్నారు, అడ్వాన్స్ ఎవరు తిరిగిస్తారో రిజిస్ట్రేషన్‌కి ముందే తేల్చుకోవాలి. తర్వాత పాతాయన కొత్తాయన్ని అడగమంటాడు, కొత్తాయన పాతాయన్ని అడగమంటాడు.

కొత్తపేట_పండు
ఆ మోడల్ టెనెన్సీ చట్టమని 2021లో వచ్చిందిగా, నీళ్లు ఆపకూడదని అందులో ఉందన్నారు?

నల్లకోటు
ఉంది. అది కేంద్రం తయారు చేసి పంపిన నమూనా. రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే పనికొస్తుంది. ఆంధ్రలో 2017 నుంచి వేరే అద్దె చట్టం ఉంది, కాబట్టి బెజవాడ వాళ్లు నేను చెప్పింది పట్టుకుని వెళ్లకండి. ఇంకో సంగతి, నమూనా చట్టంలో గడువు దాటి కూర్చుంటే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగింతలు. అది వస్తే మలక్‌పేట తమ్ముడికి ఇబ్బంది.

కూకట్‌పల్లి_అక్క
సాయం గురించి ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా వకీలుని ఉచితంగా ఇస్తారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అని ఎల్బీనగర్ కోర్టు ఆవరణలో అడిగితే చెప్తారు. 15100కి ఫోన్ చేసినా సరే. నువ్వు కేసు వేయక్కర్లేదు, కేసుకి ముందే ఓనర్ని పిలిపించి మాట్లాడించమని కూడా అర్జీ ఇవ్వొచ్చు. అర్జీ నీ పేరు మీద పెట్టు, మీ ఆయన పేరు మీద కాదు.

నల్లకోటు
అక్క చెప్పింది అక్షరాలా నిజం. అక్కడ రాజీ కుదిరి లోక్ అదాలత్‌లో అవార్డు, అదే రాజీ తీర్పు, రాస్తే అది డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. ఇద్దరికీ అదే భరోసా.

మలక్‌పేట_మాస్
డబ్బు సంగతి? 21 వేలు ఇప్పటికిప్పుడు ఎక్కడ తెస్తుంది? లోన్ యాప్‌లు మాత్రం వద్దు, మా ఫ్రెండ్ ఫోన్‌లో ఉన్న అందరికీ మెసేజ్‌లు వెళ్లాయి, వాళ్ల పెళ్లి ఫోటోగ్రాఫర్‌తో సహా.

రెండో_ఫ్లోర్
మా సందులో చిట్టీ వేస్తున్నా, ఈ నెల పాట పాడదామనుకుంటున్నా. కొంత పోతుంది, పోనీ. పది వేలు రేపు వేస్తాను.

సామాన్ల_బండి
అక్కా, ట్రాలీ ఆటో నడుపుతా. 30, 31, ఒకటో తారీకు బండ్లు దొరకవు, దొరికినా రేటు మండిపోతది. నడి నెలలో మారితే నీకే లాభం. 12 తారీకు మంచిది. బీరువా ఒకటే రెండో అంతస్తు నుంచి దించడం కష్టం, అరలు ముందే ఖాళీ చేసి పెట్టు, చీరలతో సహా దించమంటారు అందరూ.

(నాలుగు రోజుల తర్వాత)

రెండో_ఫ్లోర్
ఏం జరిగిందో చెప్పాలి మీకు. పది వేలు ఫోన్‌పే చేసి, ఉత్తరం తీసుకుని, మా ఆయనా నేనూ కిందికి వెళ్లాం. నేను వద్దన్నా మా ఆయన ముందు మోటార్ సంగతి ఎత్తారు, గొంతులు లేచాయి. ఓనర్ గారి భార్య వచ్చి నా చేతిలో కాగితం తీసుకుని నిలబడే మొత్తం చదివారు. బాకీ అంకె దగ్గర ఆగి, ఈ పది వేలు పడ్డాయాండీ అని ఆయన్ని అడిగారు. ఆయన ఫోన్ తీసి చూసుకున్నాక గొంతు తగ్గింది. నల్లకోటు గారు చెప్పినట్టు రిజిస్ట్రేషన్ ఎప్పుడండీ అని అడిగాను. ఇంకా కాలేదట, అగ్రిమెంటే అయింది, కొన్నాయనకి బ్యాంకు లోన్ రావాలి, మార్చి ఆఖరు అవుతుందట! మరి నాకెందుకు జనవరి 31? ముందు చెప్తే ముందు వెళ్తారని, అంతే అన్నారు. 20 అడిగాను, 12కి ఒప్పుకున్నారు. ఆ కాగితం మీదే రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. కొన్నాయన్ని పిలిపించి ఆయనతో కూడా సాక్షి సంతకం పెట్టించారు. సాయంత్రం ట్యాంకు నిండింది.

గోంగూర_పచ్చడి
మోటార్ గురించి ఏమన్నాడు?

రెండో_ఫ్లోర్
కెపాసిటర్ పోయిందట. సంతకాలు అయిన పది నిమిషాలకి బాగైంది.

ఓనర్‌నే_నేను
మోటార్ ఆపడం తప్పు, మావాడైనా చెప్తున్నా. మీరు మాత్రం ఫిబ్రవరి 15 దాటించకండి.

బెజవాడ_బుల్లోడు
అడ్వాన్స్?

రెండో_ఫ్లోర్
తాళాలు ఇచ్చిన రోజు ఇస్తామన్నారు, పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుని. కొన్నాయన గోడలే పగలగొట్టి డూప్లెక్స్ చేయిస్తాడట, పెయింటింగ్ ఎవరికి వేస్తారో అడగాలనుకున్నా, ఆ రోజుకి చాల్లే అనిపించింది.

మలక్‌పేట_మాస్
కూలగొట్టే గోడకి పెయింటా!

నల్లకోటు
అగ్రిమెంట్‌లో పెయింటింగ్ మాట ఉందో లేదో పాత కాగితం తీసి చూడండి. లేకపోతే మార్చిలో మళ్లీ ఇక్కడే మాట్లాడదాం.

రెండో_ఫ్లోర్
వెతుకుతున్నా. ఈ లోపు సంతోష్‌నగర్, సైదాబాద్, చంపాపేట వైపు గ్రౌండ్ ఫ్లోర్‌గానీ లిఫ్ట్ ఉన్నదిగానీ, 14 లోపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఏప్రిల్ నుంచి.

పంచాంగం_పద్మ
సైదాబాద్‌లో మా పిన్నిగారి పక్క పోర్షన్ మార్చిలో ఖాళీ అవుతుంది. గ్రౌండ్ ఫ్లోర్, 13 వేలు, మంజీరా నీళ్లు. కానీ వాళ్లు నాన్‌వెజ్ వండకూడదంటారు.

రెండో_ఫ్లోర్
అత్తయ్యని అడిగాను పద్మగారూ. మెట్లే ఎక్కుతానంటున్నారు.